మూడు రంగులకు మూడు నెగటివ్‌లు: గమ్ ముద్రణకు ఏ దారి మేలు?

గమ్ బైక్రోమేట్ పద్ధతిలో (జిగురులో వాటర్‌కలరు, డైక్రోమేటు కలిపి కాగితానికి పూసి, నెగటివ్ కింద వెలుతురుకు పెట్టి, నీళ్లలో కడిగి బొమ్మ తేల్చే పాత ఫోటో ముద్రణ) ఒకే రంగుతో ముద్రలు వేసుకుంటూ ఏడాదో రెండేళ్లో గడిపినవారికి ఏదో ఒకనాడు పూర్తి రంగుల బొమ్మ మీదికి మనసు పోతుంది. జిగురు, డైక్రోమేటు, వాటర్‌కలర్ ట్యూబులు, నెగటివ్‌ను కాగితానికి అదిమిపెట్టే కాంటాక్ట్ ఫ్రేము అప్పటికే ఇంట్లో ఉంటాయి. లేనివల్లా బొమ్మను సయాన్, మజెంటా, పసుపు పొరలుగా విడదీసే మూడు నెగటివ్‌లు. వాటిని తయారుచేసుకునే దారులు నాలుగైదు ఉన్నాయి. ఎవరినడిగితే వారు తమ దారే మంచిదంటారు. ఆ దారులన్నిటినీ ఒకే కొలబద్దతో చూసి, ఎవరికి ఏది సరిపోతుందో ఇక్కడ చెప్పదలచాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తే చదవడం సులువవుతుంది: ఒక్కో నెగటివ్ విడిగా ఎంత అందంగా ఉందన్నదానికన్నా, మూడూ ఒకదానితో ఒకటి ఎంతవరకు పొసగుతున్నాయన్నదాని మీదే బొమ్మ ఆధారపడి ఉంటుంది.

విభజనలో జరిగేదేమిటి

గుమ్మానికి కట్టిన తోరణం ఒకటి ఊహించుకోండి. వెనక సున్నం వేసిన తెల్లగోడ, ముందు మామిడాకులు, మధ్యమధ్య బంతిపూలు. ఎర్ర ఫిల్టరు గుండా చూస్తే బంతిపువ్వు దాదాపు గోడంత తెల్లగా వెలుగుతుంది, ఆకు నల్లబడుతుంది. నీలి ఫిల్టరు గుండా చూస్తే పువ్వు, ఆకు రెండూ నల్లబడి గోడ ఒక్కటే తెల్లగా మిగులుతుంది. ఎర్ర కాంతి లేనిచోట సయాన్, ఆకుపచ్చ కాంతి లేనిచోట మజెంటా, నీలి కాంతి లేనిచోట పసుపు పూస్తే తోరణం తిరిగి రంగుల్లో కనిపిస్తుంది. 1861లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్, మూడు ఫిల్టర్ల గుండా తీయించిన రిబ్బను చిత్రాలను తెర మీద కాంతితో కలిపి చూపాడు. అదే విభజనను రంగుపొడులతో కాగితం మీదికి తెచ్చే ఆలోచనను 1860ల చివర ఫ్రాన్స్‌లో లూయీ ద్యుకో ద్యు ఓరోన్, షార్ల్ క్రో ఎవరికి వారుగా ప్రకటించారు.

కొత్తవారు తడబడేది ఇక్కడే. ఫోటోషాప్‌లో ఎర్ర చానల్‌ను విడదీయగానే కనిపించేది పాజిటివ్. దాన్ని తిరగేసి ముద్రిస్తేనే సయాన్ పొరకు నెగటివ్ అవుతుంది. సీఎంవైకేలోకి (సయాన్, మజెంటా, పసుపు, నలుపు చానళ్లలోకి) మార్చి సయాన్ చానల్ తీసుకున్నా ఇదే నియమం. నెగటివ్‌లో పారదర్శకంగా ఉన్నచోట అతినీలలోహిత కిరణాలు దిగి జిగురును గట్టిపరుస్తాయి, రంగు అక్కడే నిలుస్తుంది. మిగిలినదంతా నీళ్లలో వదిలిపోతుంది.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

అన్నిటికన్నా ముందు చూడవలసింది బూడిదరంగు బూడిదరంగుగానే మిగులుతుందా అన్నది. దృశ్యంలో ఒక బూడిదరంగు మెట్ల పట్టీ (తెలుపు నుంచి నలుపు దాకా మెట్టుమెట్టుగా ముదిరే పట్టీ) పెట్టి, మూడు పొరలూ ఒకే పద్ధతిలో వేస్తున్నామనుకుంటే, పట్టీలోని ప్రతి మెట్టూ మూడు నెగటివ్‌లలోనూ దాదాపు ఒకే సాంద్రతతో రావాలి. ఒకదానిలో కాంట్రాస్ట్ తక్కువైతే వెలుగు భాగాల్లో ఒక రంగు ఛాయ, నీడ భాగాల్లో దానికి వ్యతిరేకమైన ఛాయ తేలుతాయి. ఎక్స్‌పోజరు ఎంత మార్చినా ఈ దోషం పోదు, ఎందుకంటే ఒక కొసన సరిచేస్తే రెండో కొసన అంతకంతకూ ముదురుతుంది.

రెండోది కొలత. మూడు పొరలు వెంట్రుకవాసి కూడా తప్పకుండా ఒకదానిమీద ఒకటి కూర్చోవాలి, ప్రెస్సువాళ్ల మాటల్లో చెప్పాలంటే రిజిస్ట్రేషన్ కుదరాలి. గమ్ ముద్రలో కాగితం ప్రతి పొరకూ తడిసి ఆరుతుంది కాబట్టి ముందే వేడినీళ్లలో నానబెట్టి ఆరబెట్టి, దాని సాగుడు తీర్చుకోక తప్పదు. కాగితం విషయంలో ఇంత జాగ్రత్త పడినా, నెగటివ్‌లే ఒకదానికొకటి పొడవు తేడాగా ఉంటే ఆ శ్రమంతా వృథా.

మూడోది సాంద్రత వ్యాప్తి, అంటే నెగటివ్‌లో అతి పారదర్శకమైన చోటికీ అతి నల్లని చోటికీ మధ్య ఉండే తేడా. గమ్ పొర పట్టుకోగలిగేది తక్కువ, సాంద్రత కొలమానం మీద సుమారు 1.0 (అంటే పదిరెట్ల తేడా) చుట్టుపక్కల. సయనోటైపు (ఇనుప లవణాలతో వేసే నీలిముద్ర), కార్బన్ అనే వేరే ముద్రణ పద్ధతులు అంతకన్నా ఎక్కువ అడుగుతాయి. పైగా ఇక్కడ లెక్కలోకి వచ్చేది అతినీలలోహిత కిరణాలను ఆపే సాంద్రత. కంటికి నల్లగా కనిపించే సిరా ఆ కిరణాలను బాగానే వదిలేయవచ్చు, లేతగా కనిపించే సిరా గట్టిగా ఆపవచ్చు.

టోను ఎడతెగకుండా సాగుతుందా, చుక్కలుగా వస్తుందా అన్నది నాలుగోది. చివరిది, ఆరునెలల తరువాత అదే నెగటివ్‌ను మళ్లీ అలాగే తీయగలమా అన్నది.

| దారి | బూడిద సమతూకం | కొలత కుదరడం | టోను | ప్రధానమైన చిక్కు |
|---|---|---|---|---|
| కెమెరాలో మూడు ఎక్స్‌పోజర్లు | డెవలపింగ్ మీద ఆధారం, కష్టం | కెమెరా కదలకపోతే చాలా మంచిది | ఎడతెగనిది | కదిలే వస్తువులు, చిన్న పరిమాణం |
| స్లైడు నుంచి ఫిల్ము | కష్టం, మాస్కులు కావాలి | మంచిది | ఎడతెగనిది | పూర్తి చీకట్లో పని |
| ఇంక్‌జెట్ నెగటివ్ | కర్వ్‌తో (కంప్యూటరులో టోన్లను సర్దే గీతతో) సాధ్యం | జాగ్రత్త పడితే మంచిది | దాదాపు ఎడతెగనిది | ప్రింటరు, ఫిల్ముల ఖర్చు, తేమ |
| ఇమేజ్‌సెట్టర్ (అచ్చు ప్రెస్సుల కోసం ఫిల్ము తీసే యంత్రం) ఫిల్ము | కర్వ్‌తో సాధ్యం | చాలా మంచిది | చుక్కలు | ఫిల్ము తీసే చోటు దొరకడం |
| లేజర్ ప్రింటు | అంతంతమాత్రం | అనుమానమే | ముతక చుక్కలు | వేడికి షీటు సాగడం |

కెమెరాలోనే మూడు ఎక్స్‌పోజర్లు

ఇది అన్నిటికన్నా పాతదారి. పాంక్రోమాటిక్ (అన్ని రంగుల కాంతికీ స్పందించే) నలుపు తెలుపు ఫిల్ము మీద ఒకే దృశ్యాన్ని రాటెన్ శ్రేణిలోని 25 ఎరుపు, 58 ఆకుపచ్చ, 47 లేదా 47బీ నీలం ఫిల్టర్ల గుండా మూడుసార్లు తీయడమే. పగటి వెలుతురులో ఒక్కో ఫిల్టరుకు దాదాపు రెండున్నర నుంచి మూడు స్టాపులు (ఒక్కో స్టాపు అంటే రెట్టింపు వెలుతురు) అదనంగా ఇవ్వాలి. కచ్చితమైన అంకె ఫిల్మును బట్టి మారుతుంది కనుక ఒక రోల్ పరీక్షకు వదులుకోవడమే మంచిది. ఆర్థోక్రోమాటిక్ లిత్ ఫిల్ము చవకగా దొరికినా ఈ పనికి రాదు, దానికి ఎరుపు కనబడదు.

1909 నుంచి 1915 వరకు రష్యా సామ్రాజ్యమంతా తిరిగిన సెర్గీ ప్రొకూదిన్-గోర్స్కీ, పొడవాటి గాజుపలక మీద మూడు ఫిల్టర్ల చిత్రాలను ఒకదాని కింద ఒకటిగా తీశాడు. 1948లో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కొన్న ఆ పలకల్లో కట్టడాలు, ఊపిరి బిగబట్టి నిలుచున్న మనుషులు నిన్న తీసినంత స్పష్టంగా ఉంటారు. పారే నీళ్ల మీద మాత్రం ఎరుపు, ఆకుపచ్చ, నీలం తళుకులు విడివిడిగా కనిపిస్తాయి. మన తోరణానికీ ఇదే గతి: గాలికి ఒక్క మామిడాకు ఊగినా దాని అంచు చుట్టూ రంగుల జాడలు మూడు పడతాయి. కొందరు ఆ జాడల కోసమే ఈ దారి పడతారు, అది వేరే రుచి. మబ్బులు వచ్చిపోతున్న వేళ తీస్తే మూడింటి వెలుతురూ మూడు రకాలుగా ఉండి, ఒక నెగటివ్ మొత్తంగా పలచబడుతుంది.

డెవలపింగ్‌లో ఒక చిక్కుంది. నీలి కాంతితో ఎక్స్‌పోజ్ అయిన పాంక్రోమాటిక్ ఫిల్ము సాధారణంగా తక్కువ కాంట్రాస్ట్‌తో వస్తుంది. మూడింటినీ ఒకే ట్యాంకులో ఒకే సమయం డెవలప్ చేస్తే, పైన చెప్పిన వ్యతిరేక ఛాయల దోషం కోరి తెచ్చుకున్నట్టే. నీలి ఫిల్టరు నెగటివ్‌ను విడిగా, ఇంకొంతసేపు డెవలప్ చేయాలి. ఎంతసేపన్నది మెట్ల పట్టీ చూసి తేల్చుకోవాలి.

అసలు అడ్డంకి పరిమాణం. గమ్‌కు కాంటాక్ట్ ముద్రణే గతి కనుక నెగటివ్ ఎంతో ముద్ర అంతే. 4×5 అంగుళాల కెమెరా ఉన్నా చేతికొచ్చేది అరచేతి బొమ్మ. అందుకని చాలామంది 120 రోల్ ఫిల్ము మీద తీసి, మూడు నెగటివ్‌లనూ స్కాన్ చేసి, కంప్యూటరులో ఒకదానిమీద ఒకటి కుదిర్చి, తిరిగి ఇంక్‌జెట్‌లో పెద్దవి చేసుకుంటారు. ఇలా చేస్తే పాత ఫిల్టర్ల రంగు తీరు నిలుస్తుంది, డెవలపింగ్‌లో వచ్చిన తేడా కర్వ్‌తో సర్దుకుంటుంది. శుద్ధ రసాయన మార్గమే కావాలని పట్టుదల లేనివారికి నేను దీన్నే సూచిస్తాను.

స్లైడు నుంచి ఫిల్ము మీదికి

పాత స్లైడులు పెట్టెల్లో ఉన్నవారికి ఈ ఆలోచన సహజంగానే వస్తుంది. స్లైడును ఎన్‌లార్జర్‌లో పెట్టి, రాటెన్ 29, 61, 47బీ వంటి గాఢమైన ఫిల్టర్ల గుండా పెద్ద పాంక్రోమాటిక్ షీట్ల మీద ఎక్స్‌పోజ్ చేస్తారు. దృశ్యం కదలదు, పరిమాణం కావలసినంత. అయితే స్లైడుకు కాంట్రాస్ట్ ఎక్కువ, ముద్రలో వాడే రంగులకు కల్తీ ఎక్కువ. మజెంటా కొంత నీలి కాంతిని, సయాన్ కొంత ఆకుపచ్చ కాంతిని మింగేస్తాయి. ఈ రెంటినీ సరిదిద్దడానికి పూర్వం ఫిల్ముతోనే మాస్కులు చేసేవారు, అంటే మూడు షీట్ల పని ఆరేడు షీట్లయ్యేది. పూర్తి చీకట్లో, ఈనాటి షీటు ఫిల్ము ధరలో, ఇది చేయమని ఎవరికీ చెప్పలేను. స్లైడును మంచి స్కానరుకు ఇచ్చి తరువాతి దారిలో కలవడమే సుఖం.

ఇంక్‌జెట్ నెగటివ్

గమ్ ముద్రణలో ఇప్పుడు ఎక్కువమంది నడుస్తున్న దారి ఇదే, కారణం ఊరికే లేదు. పిగ్మెంట్ సిరా వాడే ప్రింటరు (ఎప్సన్ పీ700, పీ900, లేదా వాడిన పాత 3880), పిక్టోరికో వంటి పూతపూసిన పారదర్శక ఫిల్ము ఉంటే చాలు. ఒక్కో పొరకు ఎంత సాంద్రత కావాలో మీరే నిర్ణయించుకోవచ్చు. క్వాడ్‌టోన్‌రిప్ వంటి ప్రోగ్రాముతో ఏ సిరా ఎంత పడాలో కూడా చెప్పవచ్చు. రంగుల కల్తీకి మాస్కులు చేసే పని ఫోటోషాప్‌లోని చానల్ మిక్సరులోకి వచ్చేసింది.

అయితే ప్రింటరు కొన్నంత మాత్రాన నెగటివ్ రాదు, కర్వ్ కట్టుకోవాలి. ముందు సిరా లేని ఖాళీ ఫిల్ము గుండా ఎక్స్‌పోజ్ చేసి, ఆ పొర తన పూర్తి గాఢతకు చేరడానికి పట్టే అతి తక్కువ సమయం తేల్చుకోవాలి. తరువాత ఆ సమయంతోనే 21 మెట్ల పట్టీని ముద్రించి, ముద్రను స్కాన్ చేసి, ఎక్కడ మెట్లు కలిసిపోయాయో చూసి కర్వ్ వంచాలి. ఒక రంగుకు కట్టిన కర్వ్ మరో రంగుకు అచ్చంగా పనికిరాదు. ఫ్తాలో బ్లూ పీబీ15:3తో, క్వినాక్రిడోన్ పీఆర్122తో, ఏదో ఒక పసుపుతో కలిపిన జిగుర్లు మూడు రకాలుగా గట్టిపడతాయి.

పసుపు దగ్గర నా మొదటి ప్రయత్నం నవ్వు తెప్పించేలా సాగింది. ట్రేలోంచి తీసిన కాగితం మీద పట్టీ మొత్తం ఒకే లేత మరకలా కనిపించి, ఏదీ ముద్రించలేదని పారేయబోయాను. నీలి జెలటిన్ కాగితం కళ్లకు అడ్డుపెట్టుకుని చూస్తే పదమూడు మెట్లు వరసగా నిలబడి ఉన్నాయి. అప్పటినుంచి పసుపును స్కాన్‌లో నీలి చానల్‌లోనూ, మజెంటాను ఆకుపచ్చ చానల్‌లోనూ, సయాన్‌ను ఎర్ర చానల్‌లోనూ మాత్రమే చూస్తున్నాను. కంటికి ఇంత మసకగా కనిపించడం పసుపులోని వరం కూడా: నెగటివ్‌లో చిన్న గీతలున్నా, రిజిస్ట్రేషన్ కాస్త తప్పినా పసుపు పొరలో ఎవరికీ తెలియదు. మూడు షీట్లలో ఒకటి లోపంగా వస్తే దాన్ని పసుపుకు సర్దుకోవచ్చు.

కొలత విషయంలో ఇంక్‌జెట్ చిన్న మోసం చేస్తుంది. ప్రింటరు ఫిల్మును లాగే దిశలో వచ్చే తేడా, అడ్డం దిశలో వచ్చే తేడా ఒకటి కావు. కనుక మూడు నెగటివ్‌లనూ ఒకే దిశలో, ఒకే రోజు, ఒకే పెట్టెలోని షీట్ల మీద ముద్రించాలి. చిన్న బొమ్మలైతే మూడింటినీ ఒకే ఏ3 షీటు మీద పక్కపక్కన వేస్తే ఇంకా మంచిది. బొమ్మను అద్దంలో కనిపించినట్టు కుడి ఎడమలు తిరగేసి ముద్రించి, సిరా ఉన్న వైపు కాగితానికి తగిలేలా పెట్టడం మరవకూడదు.

విశాఖపట్నంలోనో కాకినాడలోనో వానాకాలంలో పనిచేసేవారికి మరో హెచ్చరిక. ఈ ఫిల్ము పూత తేమను పీల్చుకునే స్వభావం గలది. జిగురు పొర పూర్తిగా ఆరకపోతే రెండూ అతుక్కుని నెగటివ్ కాస్తా పాడవుతుంది. తేమ గాలిలో డైక్రోమేటు పూసిన పొర చీకట్లోనే త్వరగా గట్టిపడటం మొదలుపెడుతుంది కూడా. మధ్యన పలచని పాలిస్టర్ షీటు వేస్తే అతుక్కోదు. కాస్త పదును తగ్గుతుంది, గమ్‌లో అది కనబడేంత కాదు. నెగటివ్‌లను సిలికా జెల్‌తో కలిపి మూసిన కవర్లో దాచుకోవాలి.

ప్రెస్సు లోకంలోని ఫిల్ము

ఫోర్ కలర్ సెపరేషన్ అనే మాట తెలుగు అచ్చు రంగానికి కొత్తది కాదు. కంప్యూటరు నుంచి నేరుగా ప్లేటు చేసే సీటీపీ యంత్రాలు రాకముందు పత్రికల కవర్లు, శుభలేఖలు, గోడ క్యాలెండర్లు అన్నీ ఇమేజ్‌సెట్టర్ ఫిల్ము మీదుగా వచ్చినవే. ఆఫ్‌సెట్‌లో ఫిల్ము దాదాపు కనుమరుగైనా స్క్రీన్ ప్రింటింగ్ వాళ్లకు, సర్క్యూట్ బోర్డులు చేసేవాళ్లకు ఇంకా అవసరమే, కాబట్టి పెద్ద ఊళ్లలో వెతికితే తీసిచ్చేచోటు దొరుకుతుంది. ఫిల్ము పారదర్శక భాగం నిజంగా పారదర్శకం, నలుపు నిజంగా నలుపు, కొలత నికరం. 2400 డీపీఐ మీద అంగుళానికి 150 గీతల స్క్రీన్ (టోన్లను చుక్కల వరసలుగా మార్చే అమరిక) వేస్తే ఒక్కో చుక్క 16×16 గళ్లలో ఇముడుతుంది, అంటే 256 మెట్లు.

టోనును చుక్క పరిమాణమే మోస్తుంది గనుక, తక్కువ వ్యాప్తి గల గమ్‌కు ఇది ఒక రకంగా అనుకూలం. ప్రతి చుక్కా ఉండాలి, లేదా ఊడిపోవాలి, మధ్యస్థితి లేదు. అతి లేత భాగాల్లోని సన్నని చుక్కలు నీళ్లలో కొట్టుకుపోకుండా కర్వ్‌లో కొంచెం బలం ఇవ్వాలి. మూడు స్క్రీన్లు ఒకే కోణంలో ఉంటే గళ్లబట్ట లాంటి నమూనా తేలుతుంది కనుక సయాన్ 15, మజెంటా 75, పసుపు 0 డిగ్రీలు అడగాలి. కోణాల బెడద వద్దనుకుంటే చుక్కలను చెదరగొట్టే స్టోకాస్టిక్ స్క్రీన్ అడగవచ్చు.

అడగడంలోనే ఉంది కిటుకు. మొదటిసారి నేను పెన్ డ్రైవులో మూడు ఫైళ్లు తీసుకెళ్లి, సాయంత్రానికి చక్కని ఫిల్ములు తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి కిటికీకి పట్టి చూస్తే మూడూ పాజిటివ్‌లు. స్క్రీన్ ప్రింటింగ్‌లో నలుపు కింద ఉన్న ఎమల్షన్ కరిగి సిరా దారి తెరుచుకుంటుంది కనుక వాళ్లకు కావలసింది పాజిటివే. నేను తిరగేసి ఇచ్చిన ఫైళ్లను చూసి పొరపాటనుకుని ఆ ఆపరేటరు మంచి మనసుతో సరిచేశాడు. నెగటివే కావాలని, ఎమల్షన్ వైపు కిందికి పెట్టి చూసినప్పుడు బొమ్మలోని అక్షరాలు సరిగ్గా చదవగలిగేలా ఉండాలని కాగితం మీద రాసి ఇవ్వండి.

లేజర్ ప్రింటు

జిరాక్స్ సెంటరులో ట్రాన్స్‌పరెన్సీ మీద లేజర్ ప్రింటు తీయించుకోవడం అన్నిటికన్నా చవక. 600 డీపీఐ యంత్రం మీద అంగుళానికి 75 గీతల స్క్రీన్ పెడితే చుక్కకు 8×8 గళ్లే, అంటే 64 మెట్లు. మొహాల మీద అవి కనబడతాయి. టోనరు నలుపు కిరణాలను పూర్తిగా అడ్డుకోదు. అన్నిటికన్నా పెద్ద లోపం, టోనరును అతికించే వేడికి షీటు సాగడం. మూడు షీట్లూ మూడు పొడవులైతే మధ్యలో కుదిర్చిన బొమ్మ అంచుల్లో మిల్లీమీటరు వరకు తప్పుతుంది. షీట్లను ఒకసారి ఖాళీగా యంత్రం గుండా పంపి, చల్లారాక ముద్రిస్తే ఈ తేడా కొంత తగ్గుతుంది.

సయాన్ పొరను సయనోటైపుతో వేస్తే

మూడు గమ్ పొరల బదులు మొదటిదాన్ని సయనోటైపుగా వేసి, కాగితానికి జెలటిన్ సైజింగ్ (రంగు కాగితంలోకి ఇంకకుండా పూసే పూత) పట్టించి, పైన పసుపు, మజెంటా గమ్ వేయడం బాగా ప్రచారంలో ఉన్న పద్ధతి. నీలం స్పష్టంగా నిలుస్తుంది కాబట్టి తరువాతి నెగటివ్‌లను దానిమీద కుదర్చడం సులువు. నెగటివ్ ఎంపికపై దీని ప్రభావం మాత్రం పెద్దది. ఎర్ర ఫిల్టరు నెగటివ్‌కు మిగతా రెంటికన్నా ఎక్కువ సాంద్రత వ్యాప్తి కావాలి. సయనోటైపులో ఏర్పడే ప్రష్యన్ బ్లూ అసలైన సయాన్ కన్నా గాఢమైనది, ఆకుపచ్చ కాంతిని కూడా మింగుతుంది, అందుకని ఆ పొరను లేతగా ఉంచకపోతే మామిడాకులు మురికిపచ్చగా తేలతాయి. ఒక్కో పొరకు వేరు కర్వ్ పెట్టగల ఇంక్‌జెట్ ఇక్కడ తిరుగులేనిది.

నాలుగో నెగటివ్‌గా నలుపు వేయాలా అని అడిగేవారున్నారు. గమ్‌లో మూడు రంగులు కలిసిన నలుపు గోధుమఛాయలో తేలడం నిజమే. అయినా నలుపు పొర అంటే ఇంకో నెగటివ్ చేసుకోవడం, దాన్ని మిగతావాటితో పొసగించడం. దానికన్నా అదే సయాన్ నెగటివ్‌తో తక్కువ సమయం ఇచ్చి రెండో పూత వేస్తే నీడలు నిండుతాయి.

ఎవరికి ఏది

డిజిటల్ కెమెరాతో తీసే, ఏడాదికి పది బొమ్మలకు మించి వేసే ఎవరికైనా ఇంక్‌జెట్ తప్ప మరొకటి చెప్పను. ప్రింటరు కొనే స్తోమత లేకపోతే పిగ్మెంట్ ప్రింటరున్న స్టూడియో ఒకటి చూసుకుని, ఫిల్ము మీరే కొని ఇచ్చి, మీ కర్వ్‌తోనే తీయించుకోండి. ప్రింటరు మారితే కర్వ్ మారుతుందని గుర్తుంచుకోండి. ఏ2కు మించిన పెద్ద బొమ్మ ఒకటో రెండో కావాలనుకునేవారికి ఇమేజ్‌సెట్టర్ ఫిల్ము లాభం. స్థిరమైన వస్తువులు, గోడలు, ఇళ్ల ముందరి అరుగులు తీసే ఓపికగలవారికి కెమెరా దారి, అదీ 120 ఫిల్ముతో స్కాన్ కలిపి.

ఐరోపా సమాఖ్య దేశాల్లో ఉన్న తెలుగువారికి లెక్క వేరు. అక్కడ 2017 సెప్టెంబరు నుంచి డైక్రోమేట్ల మామూలు వాడకానికి ప్రత్యేక అనుమతి కావాలి. ఈ లవణాలు క్యాన్సర్ కారకాలు కూడా కనుక ఎక్కడున్నవారైనా చేతితొడుగులు లేకుండా ముట్టకూడదు. అక్కడివారు డైక్రోమేటు బదులు డాస్ అనే రసాయనంతో చేసే మూడు రంగుల కార్బన్ వైపు వెళుతున్నారు. కార్బన్ గమ్ కన్నా ఎక్కువ సాంద్రత వ్యాప్తి అడుగుతుంది, ప్రతి చిన్న గీతనూ చూపిస్తుంది, కనుక లేజర్ షీట్లకు అందులో చోటు లేదు. గమ్ కోసం చేసుకున్న ఇంక్‌జెట్ నెగటివ్‌లను కూడా కొత్త కర్వ్‌తో మళ్లీ తీయాలి.

పిల్లలకో విద్యార్థులకో ఒక్కరోజు తరగతి పెట్టేవారికి మాత్రం లేజర్ చాలు. బొమ్మ ఐదు అంగుళాలు దాటనివ్వకండి, మనుషుల ముఖాలు కాకుండా పూలూ పండ్లూ ఎంచుకోండి, తక్కువగా సాగిన రెండు షీట్లను సయాన్, మజెంటాలకు పెట్టి మూడోదాన్ని పసుపుకు వదిలేయండి.